ఉప్పు నమూనాలో పుల్లలు గుచ్చాలా, వద్దా?

ప్రశ్న (పదో తరగతి సైన్స్ టీచర్, కర్నూలు జిల్లా):
రసాయన బంధం పాఠానికి నానబెట్టిన శనగలు, చీపురు పుల్లలతో నమూనాలు చేయించాను. పిల్లలు హుషారుగా చేశారు. చివర్లో ఒక అమ్మాయి ఉప్పు నమూనా పట్టుకొచ్చి, "టీచర్, ఈ సోడియం ఈ క్లోరిన్‌కే సొంతం కదా? పుల్ల ఈ రెండింటికే ఉంది" అంది. రెండు రోజులుగా అదే ఆలోచన. పొరపాటు ఆ పిల్లది కాదు. వజ్రానికీ, ఉప్పుకీ, రాగికీ నేనే ఒకే రకం పుల్లలిచ్చాను. ఏం మార్చమంటారు? ల్యాబ్ లేదు, 46 మంది పిల్లలు.

జవాబు (రిటైర్డ్ టీచర్):
పుల్లలు వజ్రానికి ఉంచండి మేడమ్. అక్కడ ప్రతి కార్బన్‌కీ నాలుగు బంధాలు, వాటి మధ్య కోణం 109.5 డిగ్రీలు. ఆ దిశను పుల్ల సరిగ్గానే చూపిస్తుంది. కాకపోతే పిల్లలు నాలుగింటినీ ప్లస్ గుర్తులా గుచ్చేస్తారు. మూడు పుల్లలు ముక్కాలి పీట కాళ్లలా, నాలుగోది నిటారుగా పైకి రావాలి.

ఉప్పుకి మాత్రం పుల్ల వద్దు. రెండు రంగుల గోళీలు, అట్టపెట్టె మూత చాలు. ఎరుపు ప్లస్ ఆవేశమున్న సోడియం అయాన్, నీలం మైనస్ ఆవేశమున్న క్లోరైడ్ అయాన్ అనుకోవాలి. ఎరుపు పక్కన నీలం, నీలం పక్కన ఎరుపు వచ్చేలా వరుసలు పేర్పించేవాణ్ణి. తర్వాత స్కేలుతో ఒక వరుసను ఒక్క గోళీ మేర జరపమనేవాణ్ణి. ఎరుపు ఎదుటికి ఎరుపు వచ్చేది. ఇప్పుడేమవుతుందని అడిగితే, "నెట్టుకుంటాయి సార్" అని వాళ్లే అనేవాళ్లు. అప్పుడు కళ్లుప్పు గడ్డను సుత్తితో కొట్టి, ముక్కల్ని భూతద్దంలో చూపించండి. చదరపు అంచులు కనిపిస్తాయి.

జవాబు (జూనియర్ లెక్చరర్):
రాగికి సబ్బు బుడగలు వాడండి మేడమ్. పళ్లెంలో సర్ఫ్ నీళ్లు పోసి, చేపల తొట్టె పంపు గొట్టానికి సన్నని సూది తగిలిస్తే ఒకే సైజు బుడగలు బారులుగా తేలతాయి. ఒక్కో బుడగ ఒక రాగి పరమాణువు అనుకోవాలి. 1947లో బ్రాగ్, నై అనే శాస్త్రవేత్తలు ఇలాంటి బుడగలతోనే లోహ స్ఫటికాల్లోని లోపాలను చూపించారు. బారు జారినా బుడగలు విడిపోవు. పక్కనే రాగి తీగ వంచి చూపిస్తే ఉప్పుకీ దానికీ తేడా తెలిసిపోతుంది. సూది మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి.

ప్రశ్న అడిగిన టీచర్:
సార్, ఈరోజు గోళీలతో చేయించాను. ఒక్కో సోడియం అయాన్ చుట్టూ ఆరు క్లోరైడ్ అయాన్లుంటాయి, మూతలో నాలుగే కనిపిస్తాయి, పైనొకటి, కిందొకటి ఊహించుకోండి అని చెప్పాను. ఆ అమ్మాయి మూల గోళీ మీద వేలు పెట్టి, "మరి దీనికి ఆరెక్కడున్నాయి టీచర్?" అంది. నిజమే, ఘనం మూలనున్నదానికి మూడే. రేపు రెండు రంగుల బంకమట్టి ఉండలతో ఘనం కట్టించి, వాళ్లతోనే లెక్కపెట్టిస్తాను.