నాన్న పాత ఫిల్టర్లు డిజిటల్ కెమెరాకు పనికొస్తాయా?

పానగల్లు వాసి:
నమస్తే అందరికీ. మాది నల్లగొండ పక్కన పానగల్లు. నాన్న ఫిల్మ్ కెమెరాతో పాటు బీరువాలో మూడు ఫిల్టర్లు దొరికాయి. ఒకటి పసుపు, ఒకటి ఎరుపు, ఇంకొకటి వేలితో తిప్పితే తిరిగే నల్లటి అద్దం. అన్నీ 52 ఎంఎం. నా డీఎస్‌ఎల్‌ఆర్ లెన్సుకు కూడా సరిగ్గా పడుతున్నాయి. పాత కెమెరాలో షట్టర్ బాగానే ఉంది, వెలుతురు కొలిచే మీటర్ మాత్రం పనిచేయట్లేదు. 400 ఐఎస్‌ఓ (వెలుతురుకు ఫిల్మ్ స్పందించే వేగం) బ్లాక్ అండ్ వైట్ రోల్ తెప్పించాను. మా ఊరి ఛాయా సోమేశ్వరాలయం, ఉదయసముద్రం చెరువు తీయాలని చాలా ఆశగా ఉంది. పసుపు ఫిల్టర్ డిజిటల్‌కు పెడితే ఫొటో అంతా పసుపే వస్తోంది. ఏది దేనికి వాడాలి?

పాలమూరు స్టూడియో:
తమ్ముడూ, పసుపు, ఎరుపు అద్దాలు ఫిల్మ్‌కే ఉంచుకో. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌కు రంగుతో పనిలేదు, వెలుతురు ఎంత పడిందన్నదే లెక్క. నీలాకాశం, తెల్లమబ్బు రెండూ ప్రింటులో దాదాపు ఒకేలా పడి కలిసిపోతాయి. పసుపు అద్దం నీలాన్ని కొంత ఆపుతుంది కాబట్టి ఆకాశం ముదిరి, మబ్బు విడిగా కనిపిస్తుంది. ఎరుపు పెడితే ఆకాశం దాదాపు నల్లగా వస్తుంది, ఆకులు కూడా ముదిరిపోతాయి. అందుకే మా పిల్లలమర్రి దగ్గర నేను ఎరుపు పెట్టను. మూడెకరాల చెట్టు నల్లముద్ద అయిపోతుంది. అక్కడ పసుపే అందం.

మీటర్ లేదని టెన్షన్ పడకు. నడి ఎండలో లెన్సు రంధ్రం ఎఫ్ 16, షట్టర్ ఫిల్మ్ ఐఎస్‌ఓకు దగ్గరి అంకె, అంటే నీ రోల్‌కు 1/500 సెకను. పసుపుకు ఒక స్టాప్, ఎరుపుకు మూడు స్టాపులు ఎక్కువ ఇవ్వాలి. ఒక్కో స్టాప్‌కు వెలుతురు రెట్టింపు. 1/500 కదపకుండా ఎరుపు పెడితే రంధ్రం పెద్దది చేసి ఎఫ్ 5.6కు రావాలన్నమాట. నెగెటివ్‌లో నీడలు ఒకసారి పోతే మళ్లీ రావు, అనుమానం వస్తే వెలుతురు ఇంకొంచెం ఎక్కువే ఇవ్వు. డిజిటల్‌లో ఇది తలకిందులు. అక్కడ తెలుపు మాడితే తిరిగి రాదు, కెమెరా తెర మీద వెలుతురు లెక్క చూపే గ్రాఫ్, అదే హిస్టోగ్రామ్, కుడి అంచుకు గుద్దుకోకుండా చూసుకో.

డిజిటల్ సెన్సర్‌లో నాలుగు పిక్సెళ్లలో ఒక్కటే ఎరుపుది. ఎరుపు అద్దం పెడితే మిగతా మూడూ పస్తే. రంగుల్లోనే రా ఫైల్ (సెన్సర్ పట్టిందంతా కుదించకుండా దాచే ఫైల్) తీసి, కంప్యూటర్‌లో బ్లాక్ అండ్ వైట్ చేసేటప్పుడు నీలం తగ్గించు, అదే పని అయిపోతుంది.

మూడోది పోలరైజర్, అది బంగారం. దాని పని ఏ సాఫ్ట్‌వేరూ చేయలేదు. ఉదయసముద్రం గట్టు మీద నిలబడి నీటిని ఏటవాలుగా చూస్తూ మెల్లగా తిప్పు. నీటి మీద తళుకు తగ్గి, తేటగా ఉన్నచోట అడుగు రాళ్లు కూడా కనిపిస్తాయి. ఆకాశం కోసమైతే సూర్యుడు నీ భుజం పక్కన ఉండాలి. ఎదురుగానో వెనకనో ఉంటే తిప్పినా పెద్దగా తేడా రాదు.

పోచంపల్లి చీరలు:
ఒక్కమాట కలుపుతాను. పాత పోలరైజర్లు చాలావరకు లీనియర్ రకం. వాటితో డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఆటోఫోకస్, మీటర్ తికమక పడొచ్చు. పరీక్ష సులువే. గోడ అద్దం ముందు నిలబడి, ఫిల్టర్ మరలు అద్దం వైపు ఉండేలా కంటికి పెట్టుకుని, అందులోంచి అద్దంలోని ఫిల్టర్‌నే చూడండి. నల్లగా కనిపిస్తే సర్క్యులర్, అంటే ఆ తికమక లేని రకం. తేటగా కనిపిస్తే తిరగేసి కూడా చూడండి, రెండువైపులా తేటగానే ఉంటే లీనియర్.

నేను పట్టు ఇక్కత్ చీరలు తీస్తాను. ఎండలో పట్టు మీద తెల్లటి మెరుపు వచ్చి డిజైన్ అంచులు మాయమవుతాయి. పోలరైజర్ తిప్పితే రంగు బయటపడుతుంది. కానీ మొత్తం తీసేయను, కొంచెం మెరుపు ఉంటేనే అది పట్టులా కనిపిస్తుంది.

పానగల్లు వాసి:
అన్నా, అక్కా, చాలా థ్యాంక్స్. రెండువైపులా తేటగానే ఉంది, లీనియరే. ఇంకో రెండు సందేహాలు. ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పడే నీడను ఎలా తీయాలి? రోల్ ఇంట్లోనే కడగొచ్చా?

పాలమూరు స్టూడియో:
లీనియర్ అయినా ఫర్వాలేదు. లైవ్ వ్యూలో, అంటే వెనక తెర మీద చూస్తూ వాడు, అప్పుడు కెమెరా లోపలి అద్దం పైకి లేస్తుంది కాబట్టి ఫోకస్ నేరుగా సెన్సర్ మీదే జరుగుతుంది.

గుళ్లో అన్ని ఫిల్టర్లూ తీసెయ్. పోలరైజర్ ఒక్కటే ఒకటి నుంచి రెండు స్టాపుల వెలుతురు తినేస్తుంది. పూజారి గారి అనుమతి తీసుకో, ఫ్లాష్ అసలు వద్దు, ఆ వెలుగుకు నీడే చెరిగిపోతుంది. చీకటి గది చూసి కెమెరా అంతా తెల్లగా చేస్తుంది, నీడ పలచబడుతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్కను పెంచే, తగ్గించే మీట) మైనస్ ఒకటి పెట్టి, ట్రైపాడ్ మీద రా ఫైల్ తియ్యి. ముందు డిజిటల్‌లో చూసుకుని, అవే అంకెలు ఫిల్మ్‌కు వాడుకో. డిజిటల్ ఐఎస్‌ఓ కూడా 400లోనే పెట్టు, ఫిల్మ్‌కు షట్టర్ మాత్రం ఒక మెట్టు నెమ్మదిగా.

కడగడం ఇంట్లో హాయిగా చేయొచ్చు. బ్లాక్ అండ్ వైట్ డెవలపర్‌కు, అంటే ఫిల్మ్ మీద బొమ్మ తేల్చే మందుకు, 20 డిగ్రీలు ప్రమాణం. ఎండాకాలం మన మిద్దె మీది ట్యాంకు నీళ్లు చేయి పెడితే కాలేలా ఉంటాయి. డెవలపర్ సీసాను ఐసు ముక్కల టబ్బులో నిలబెట్టి, థర్మామీటర్ 20 చూపించాక పొయ్యి. బొమ్మను నిలిపే మందు ఫిక్సర్, కడిగే నీళ్లు కూడా దానికి దగ్గర్లోనే ఉండాలి. మిగిలిన రోల్స్ ఫ్రిజ్‌లో దాచుకో, వాడే ముందు డబ్బా మూత తీయకుండా ఒక గంట బయట ఉంచు, లేకపోతే లోపల చెమ్మ పడుతుంది. నెగెటివ్‌లు ఆరాక ఇక్కడ పెట్టు, చూస్తాను.