చరరాశి అనాలా, పేరు అనాలా? పైథాన్ పాఠంలో ఒక సందేహం

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఏడో తరగతి, తెలుగు మీడియం. సెలవుల్లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పిస్తున్నాను. అందులో విలువని గుర్తుపెట్టుకోవడానికి వాడే వేరియబుల్‌ని లెక్కల పుస్తకంలో ఉన్నట్టే చరరాశి అని చెప్పాను. స్కోరు = స్కోరు + 1 దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. "ఏ సంఖ్యయినా తనకంటే ఒకటి ఎక్కువ ఎలా అవుతుందమ్మా?" అంటాడు. చరరాశి బదులు ఇంకేదైనా మాట చెప్పగలరా?

జవాబు:
మీ అబ్బాయి అడిగింది నూటికి నూరుపాళ్ళు సరైన ప్రశ్న అండీ. లెక్కల్లో అది తప్పే. ఎక్స్ + 3 = 10 అన్నప్పుడు ఎక్స్ అంటే 7, అంతే. పైథాన్‌లో పై వరుసలో 5గా ఉన్న స్కోరు కింది వరుసకి 6 కావచ్చు. చరరాశి లెక్కలకి చక్కగా కుదిరిన మాట. ఇక్కడికి తెస్తేనే ఇబ్బంది. రాశి అంటే పరిమాణం, ఎంతో కొంత అని చెప్పగలిగేది. ఊరు = "తెనాలి" అని రాస్తే అందులో రాశి ఏముంది? చర కూడా చరాస్తి, స్థిరాస్తి అనేటప్పటి చర. కదిలేది అనే అర్థమే ముందు తడుతుంది.

నేనైతే "పేరు" అంటాను. పైథాన్‌లో జరిగేది కూడా అదే. విలువ మెమరీలో ఎక్కడో ఉంటుంది, మనం దానికి పేరు పెడతాం. పైథాన్ అధికారిక రిఫరెన్స్ కూడా పేర్లు ఆబ్జెక్టులను, అంటే ఆ విలువలను, సూచిస్తాయనే చెబుతుంది.

ఇక ఆ = గుర్తు. దాన్ని "సమానం" అని చదివించకండి. సమానమా కాదా అని చూడటానికి పైథాన్‌లో == వేరే ఉంది. పాస్కల్ లాంటి భాషల్లో పేరు పెట్టడానికి := వాడి ఈ తికమక లేకుండా చేశారు. పైథాన్‌లో మామూలుగా = తోనే పేరు పెడతాం కాబట్టి చదివే తీరు మార్చుకోవాలి. పైథాన్ ముందు కుడివైపు లెక్క పూర్తి చేస్తుంది, ఆ తర్వాతే ఎడమవైపు పేరు తగిలిస్తుంది. తెలుగులో ఇది ఎంత సహజంగా వస్తుందో చూడండి: "ఇప్పుడున్న స్కోరుకి ఒకటి కలిపి, వచ్చినదానికి స్కోరు అని పేరు పెట్టు." పని జరిగే వరుసా మన వాక్యం నడిచే వరుసా ఒకటే. ఇలా రెండు మూడుసార్లు పైకి చదివించండి, అబ్బాయి సందేహం తీరిపోతుంది.

ఇంకొకరు:
మేము స్కూల్లో డబ్బా అని చెబుతాం సార్. విలువ డబ్బాలో ఉంటుంది అంటే పిల్లలకి ఇట్టే ఎక్కుతుంది. అది తప్పంటారా?

జవాబు:
మొదటి వారం పనికొస్తుంది మేడమ్, లిస్టుల దగ్గర, అంటే చాలా విలువలు వరుసగా ఒకచోట ఉన్నప్పుడు, దెబ్బ తింటుంది. మార్కులు = [70, 82] అని రాసి, కింద నకలు = మార్కులు అని రాయించండి. ఇప్పుడు నకలుకి 91 చేర్చి, మార్కులు ప్రింట్ చేయించండి. [70, 82, 91] వస్తుంది. రెండు డబ్బాలు అనుకున్న పిల్లవాడికి ఇది అంతుబట్టదు. ఒకే లిస్టుకి రెండు పేర్లు అని మొదటినుంచీ విన్నవాడికి ఇందులో వింతేమీ ఉండదు. నిజంగా వేరే నకలు కావాలంటే అడిగి చేయించుకోవాలి: నకలు = మార్కులు[:] అని.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. ఆ పేర్లు తెలుగులోనే రాయొచ్చా?

జవాబు:
నిక్షేపంగా రాయొచ్చు. 2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి వయసు, మొత్తం, స్కోరు అన్నీ చెల్లుతాయి. ప్రింట్, ఇఫ్ లాంటి మాటలు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలి. ఒక్క జాగ్రత్త. పాస్‌వర్డ్ అని టైప్ చేసేటప్పుడు వత్తు పడకుండా స్ తర్వాత కంటికి కనిపించని అక్షరం ఒకటి పెడతాం కదా, దాన్ని పైథాన్ పేరులో ఒప్పుకోదు, ఎర్రర్ ఇస్తుంది. స్క్రీన్ మీద అంతా బాగానే కనిపిస్తుంది కాబట్టి పిల్లలు ఎంత వెతికినా దొరకదు. అలాంటి మాటలు వదిలేసి రహస్యం లాంటి పేరు పెట్టించండి. అంకెలు కూడా 1, 2, 3 అనే రాయించండి. ప్రోగ్రాములో ౧, ౨ అని నేరుగా రాస్తే తీసుకోదు.