పండ్ల తొక్కలు పారేయకుండా ఏం చేయొచ్చు?

ప్రశ్న: ఇంట్లో రోజూ కమలా, అరటి, యాపిల్ తొక్కలు గిన్నెడు పోగవుతున్నాయి, చెత్తలో వేయాలంటే మనసొప్పట్లేదు. తినొచ్చా, ఇంకెలా వాడొచ్చు? చేసి చూసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

రిప్లై 1: యాపిల్ తొక్కతోనే తినండి. 100 గ్రాములకి తొక్కతో అయితే దాదాపు 2.4 గ్రాముల పీచు, తీసేస్తే 1.3 గ్రాములే. లీటరు నీళ్ళలో 2 చెంచాల వంటసోడా కలిపి 15 నిమిషాలు నానబెట్టి కడగండి, పైన అంటుకున్న పురుగుమందులు చాలావరకు పోతాయి, లోపలికి ఇంకినవి మాత్రం పోవు.

రిప్లై 2: నేను కమలా తొక్కలు గాజు సీసాలో కుక్కి మునిగేదాకా వెనిగర్ పోసి 2 వారాలు వదిలేస్తా, వడకడితే లేత నారింజ రంగు నీళ్ళొస్తాయి, అంతే నీళ్ళు కలిపి స్టవ్ మీద స్ప్రే చేసి తుడిస్తే జిడ్డు గుడ్డకి వచ్చేస్తుంది, తొక్కలో ఉండే లిమోనీన్ అనే నూనె పనే అది. మార్బుల్ మీద వద్దండి, మెరుపు పోతుంది.

రిప్లై 3: నిమ్మతొక్క మొహానికి రుద్దుకుని ఎండలోకి మాత్రం వెళ్ళొద్దు!! మా అక్కకి చెంప కాలినట్టు ఎర్రబడి, ఆ నల్లమచ్చ పోడానికి నెలలు పట్టింది. అరటి తొక్కలు ముక్కలు చేసి కంపోస్ట్‌లో వేసేయండి, పైన ఎండుటాకులు కప్పకపోతే చిన్న ఈగలు ముసురుతాయి.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అండి, సీసా ఇవాళే కడిగి పెట్టా.