‘షార్కుటరీ బోర్డు’ని తెలుగులో ఏమందాం: నంజుడు పళ్లెమా, అంచు తబుకా?

తార్నాక నుంచి ప్రశ్న

క్రిస్మస్ సాయంత్రం 8 మంది అతిథుల ముందు పెట్టే షార్కుటరీ బోర్డు గురించి వంటల తరగతి కోసం తెలుగులో ఒక కాగితం తయారుచేస్తున్నాం. సలామీ (మసాలా కలిపి గొట్టంలా చేసిన మాంసం) ముక్కలు, చీజు, పళ్లు, పప్పులు, బిస్కెట్లు ఒకే పళ్లెంలో పేర్చి పెట్టేదే ఇది. ‘మాంసపు బల్ల’ అంటే కసాయి కొట్టు గుర్తొస్తోంది. ‘చిరుతిళ్ల పళ్లెం’ అంటే మిక్చరూ మురుకులూ అనుకుంటారు. ‘పీట’ అందామంటే మన చెవికి కూర్చునేదే తడుతుంది. సరైన మాట చెప్పండి. కొలతలు, అమర్చే వరుస కూడా తెలిసినవారు రాస్తే మేలు.

నల్లకుంట నుంచి

ముందు మూలం చూద్దాం. ఫ్రెంచిలో ‘షేర్’ అంటే మాంసం, ‘క్యుయి’ అంటే ఉడికినది. ఈ రెండూ కలిసిన మాట ఇది. పంది మాంసాన్ని ఉప్పు పట్టించి, పొగబెట్టి, ఉడికించి అమ్మే కొట్టుకూ, ఆ సరుకుకూ, ఆ పనితనానికీ అక్కడ ఇదే పేరు. ఇందులో పళ్లెం లేదు, చీజు లేదు, ద్రాక్ష లేదు. అవన్నీ తర్వాత చేరినవి. అందుకని మాటకు మాట పెడితే ఎటూ కాదు. అతిథి ఆ పళ్లెం ముందు నిలబడి చేసే పనిని బట్టి పేరు పెట్టాలి.

ఆ పనికి మనకు చక్కటి క్రియ ఉంది: నంజుకోవడం. పెరుగన్నంలో మాగాయ నంజుకున్నట్టే ఇక్కడ బిస్కెట్టూ చీజూ తింటూ సలామీ నంజుకుంటారు. పైగా పాత తెలుగులో ‘నంజుడు’ అంటే మాంసమే. బ్రౌన్ నిఘంటువులోనూ ఆ అర్థం కనిపిస్తుంది. మాంసమూ, నంజుకోవడమూ రెండూ ఒకే మాటలో దొరకడం అరుదు. నా ఓటు ‘నంజుడు పళ్లెం’కే.

అల్వాల్ నుంచి

మాట బాగుంది గానీ ‘నంజు’ అంటే విషం కూడా కదండీ. విందు కాగితం మీద ఆ అక్షరాలు పడితే పెద్దవాళ్లు ఒప్పుకుంటారా? ఇంకో చిక్కు: నంజుడుకి మాంసమనే అర్థం ఉంటే, మాంసం లేని పళ్లేనికి ఆ పేరు ఎలా పెడతాం? హైదరాబాద్‌లో 8 మంది వస్తే ఇద్దరు ముగ్గురైనా మాంసం ముట్టనివాళ్లు ఉంటారు.

ఉప్పల్ నుంచి

మా దిక్కు నంజుకునుడు అనరు. ‘అంచుకు ఏమున్నది?’ అని అడుగుతరు. పప్పన్నంల అంచుకు తొక్కు, కల్లుకు అంచుకు గుడాలు. అంచుకు పెట్టేది మాంసం కావచ్చు, కూరగాయ కావచ్చు, ఉల్లిగడ్డ ముక్కైనా కావచ్చు, ఏ తకరారూ లేదు. విషం అనే అనుమానం కూడా రాదు. పళ్లేనికి ‘తబుకు’ అనండి. ఉర్దూ ‘తబక్’ మన నోట్ల తబుకు అయింది. లోతు తక్కువున్న పెద్ద పళ్లెం అది, ఈ పనికి సరిగ్గా సరిపోతది. ‘అంచు తబుకు’ అంటే హైదరాబాద్ మాట లెక్క వినిపిస్తది.

సైనిక్‌పురి నుంచి

పేరు మీరు తేల్చండి, కొలతలు నేను రాస్తాను. భోజనానికి ముందు పెట్టేదైతే మనిషికి మాంసం 50 గ్రాములు, చీజు 50 గ్రాములు చాలు. అంటే 8 మందికి 400, 400. అదే భోజనమైతే రెట్టింపు చేయండి. చీజు మూడు రకాలు తీసుకోండి: గట్టిది (చెడార్ లేదా గౌడా), మెత్తనిది (బ్రీ), ఘాటైనదో మసాలా కలిపినదో ఒకటి. క్రాకర్లు (పలుచని ఉప్పు బిస్కెట్లు) 40 నుంచి 50, పళ్లు అర కిలో, జీడిపప్పు, బాదం, ఆక్రోటు కలిపి 150 గ్రాములు. బేగంబజార్‌లో తెచ్చినవైతే సన్న మంట మీద 5 నిమిషాలు పొడిగా వేయించి చల్లార్చండి, మెత్తబడినవి మళ్లీ కరకరలాడతాయి. పళ్లెం 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడవు ఉండాలి. ఇంతకన్నా చిన్నదైతే ఒకటి తీయబోతే మూడు జారిపడతాయి.

వరుస చాలా ముఖ్యం. మొదట తడి ఉన్నవాటి గిన్నెలు: తేనె, ఆవాల ముద్ద, ఉసిరికాయ మురబ్బా. వాటికి చోటు ముందే ఖాయం చేయకపోతే చివర్లో ఇరికించాల్సి వస్తుంది. తర్వాత చీజు, ఒక్కోటి ఒక్కో మూల. ఆపైన మాంసం. తర్వాత పళ్లు. మిగిలిన సందుల్లో పప్పులు. క్రాకర్లు అన్నిటికన్నా చివర, అతిథులు రావడానికి 10 నిమిషాల ముందు.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. గంట ముందే క్రాకర్లు పేర్చేస్తారు. చీజు నుంచీ కోసిన పళ్ల నుంచీ తేమ లాగి అవి మెత్తబడతాయి. ద్రాక్షను కడిగి, బట్టతో అద్ది, గంటసేపు ఆరనిచ్చాకే పెట్టాలి. గుత్తిని కత్తెరతో ఐదారు పళ్ల చిన్న గుత్తులుగా కత్తిరిస్తే ఎవరూ చేత్తో లాగక్కర్లేదు. ఆపిల్ ముక్కల్ని కప్పు నీళ్లలో ఒక చెంచా నిమ్మరసం కలిపి 3 నిమిషాలు ఉంచి ఆరబెడితే నల్లబడవు. ఈ కాలంలో దొరికే దోర జామకాయ ఇంకా నయం, కొరికితే శబ్దం కూడా బాగుంటుంది.

చీజును ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట నుంచి ముప్పావుగంట బయట ఉంచాలి. చల్లగా ఉంటే అందులోని కొవ్వు గడ్డకట్టి రుచి నాలుకకు తెలియదు. మాంసం మాత్రం వడ్డించే ముందు వరకూ ఫ్రిజ్‌లోనే ఉండాలి. ఇక్కడ దొరికే చికెన్ సలామీ చాలావరకు ఉడికించినది, ఐరోపా వాళ్లు పులియబెట్టి వారాలు, నెలల తరబడి ఎండబెట్టే సలామీ లాంటిది కాదు. అది బయట నిలవదు. మొత్తం పళ్లెం 2 గంటలకు మించి బయట ఉండకూడదు. వేసవిలో ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. అందుకే అన్నీ ఒకేసారి పెట్టకుండా సగం పెట్టి, సగం ఫ్రిజ్‌లో ఉంచి మళ్లీ నింపడం మేలు.

సలామీ గులాబీ చేయాలంటే ముక్క ఒకటి రెండు మిల్లీమీటర్ల మందమే ఉండాలి. సన్న గ్లాసు అంచు మీద ముక్కను సగం లోపలికి, సగం బయటికి మడిచి, ఒకదాని మీద ఒకటి సగం కప్పేలా మూడు వరుసలు వేసి, తిరగేసి గ్లాసు తీసేయాలి. మందపాటి ముక్క మడత దగ్గర విరుగుతుంది. దాన్ని నాలుగు మడతలు పెట్టి నిలబెడితే చాలు.

మెహదీపట్నం నుంచి

అన్నా, ఒక ముఖ్యమైన సంగతి. ఇక్కడ ఒకే పళ్లెం సాగదు. పంది మాంసం తినేవాళ్లకు వేరే పళ్లెం, వేరే కత్తి, వేరే పటకారు. హలాల్ చూసేవాళ్లకు పంది మాంసం పక్కన పెట్టిన చీజు కూడా పనికిరాదు. శాకాహారులది మూడో పళ్లెం, అది బల్లకు ఇంకో చివర ఉంటే మంచిది. చీజు పొట్లం మీద పచ్చ చుక్క ఉందో లేదో చూడండి. పాలు విరగ్గొట్టడానికి దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ వాడిన చీజులు ఉంటాయి. మూడింటికీ చిన్న చీటీలు రాసి గుచ్చండి.

మాంసంలో మన సరుకు కూడా చేర్చవచ్చు. షికంపూర్ కబాబులు చిన్న రూపాయి బిళ్లంత చేసి చల్లారాక పెడితే క్రాకర్ మీద చక్కగా కూర్చుంటాయి. లుఖ్మీ (ఖీమా కూరిన చదరపు సమోసా) మాత్రం వేడి తగ్గితే మెత్తబడి సాగుతుంది, వద్దు.

నల్లకుంట నుంచి

ఉప్పు పట్టించి ఎండబెట్టిన మాంసానికి మనకు ‘ఉప్పుకండ’ ఉంది. తెలంగాణలో ‘వట్టి తునకలు’ అంటారు. కాగితంలో ఆ మాటలు తప్పక వాడండి, కానీ సలామీకి బదులుగా కాదు. సలామీ కోసి అలాగే తినవచ్చు. ఉప్పుకండను అలా తినకూడదు. గోరువెచ్చని నీళ్లలో 10 నిమిషాలు నానబెట్టి, పైఉప్పు కడిగి, తడి తుడిచి, సన్న మంట మీద నూనెలో వేయించాలి. మంట పెద్దదైతే పైన మాడి లోపల రబ్బరులా మిగులుతుంది.

ఇక నంజు సంగతి. అల్వాల్ వారి అభ్యంతరం న్యాయమైనదే. అయినా ‘పచ్చడి నంజుకో’ అన్నప్పుడు ఎవరికీ విషం గుర్తురాదు. క్రియగా అది ఇంకా పచ్చగా బతికే ఉంది. నామవాచకంగానే చిక్కు.

తార్నాక నుంచి

అందరికీ కృతజ్ఞతలు. ఇలా రాస్తున్నాం: శీర్షికలో ‘అంచు తబుకు’, లోపల వాక్యాల్లో ‘నంజుకోవడానికి’. మాంసపు తబుకును మాత్రం ‘నంజుడు తబుకు’ అని విడిగా చెబుతాం, అక్కడ పాత అర్థం సరిగ్గా అతుకుతుంది. ఒక్క సందేహం మిగిలింది: సకినాలు క్రాకర్లకు బదులు పెట్టవచ్చా?

ఉప్పల్ నుంచి

పెట్టండి, కానీ విరిచి పెట్టండి.  నువ్వులు, వాము ఉన్నందుకు చెడార్‌తో బాగుంటయి. బ్రీ పూయబోతే మాత్రం చేతిల పొడి అయితయి, దానికి పక్కన బ్రెడ్డు ముక్కలు కాల్చి పెట్టండి.