టొబాగోలో సముద్రమూ అడవీ: వేసవి సెలవులకు ఏమేం చూసుకోవాలి?

ప్రశ్న (తిరుపతి నుంచి)

వచ్చే వేసవి సెలవుల్లో మా దంపతులం, ఇద్దరు పిల్లలు, అరవై దాటిన మా అమ్మగారు కలిసి కరీబియన్ సముద్రంలోని రెండు ద్వీపాల దేశం ట్రినిడాడ్ అండ్ టొబాగోకు వెళ్ళాలనుకుంటున్నాము. తలకోన, నేలపట్టు వంటి చోట్ల తిరగడం అలవాటైన మాకు రిసార్టులో కూర్చోవడం కంటే అడవి, పక్షులు, పిల్లలు దిగగలిగే సముద్రం ముఖ్యం. మేము శాకాహారులము. ఏప్రిల్ చివర, మే నెలలు అక్కడ అనుకూలంగా ఉంటాయా? బస ఎక్కడ పెట్టుకోవాలి? ఇక్కడ ముందుగా ఏ పనులు పూర్తి చేసుకోవాలి?

జవాబు (చిత్తూరు నుంచి)

మీరు ఎంచుకున్న కాలం మంచిదేనండి. అక్కడ జనవరి నుంచి మే వరకు వానలు తక్కువ. జూన్‌లో తుఫానుల కాలం మొదలై నవంబరు దాకా సాగుతుంది. టొబాగో బాగా దక్షిణాన ఉన్నందువల్ల పెద్ద తుఫానులు అరుదుగానే తాకుతాయి గానీ, 1963లో వచ్చిన ఫ్లోరా అక్కడి అడవిని దాదాపు నేలమట్టం చేసింది. మీరు తప్పక చూడవలసిన మెయిన్ రిడ్జ్ అడవి అదే. చెట్లు పోతే వానలు పోయి చెరకు తోటలు ఎండుతాయన్న భయంతో 1776లోనే దానికి చట్టరక్షణ కల్పించారు. ఫ్లోరా తరువాత అంతరించిపోయిందనుకున్న తెల్లతోక సేబర్‌వింగ్ అనే హమ్మింగ్‌బర్డ్ ఇప్పుడు మళ్ళీ అక్కడ కనిపిస్తోంది. గిల్పిన్ ట్రేస్ కాలిబాటలో స్థానిక గైడుతో నడవండి, బురద ఉంటుంది.

చాలామంది విమానాశ్రయం పక్కనున్న క్రౌన్ పాయింట్‌లోనే అన్ని రోజులూ గడిపేస్తారు. నా ఉద్దేశంలో అది పొరపాటు. సగం రోజులు అక్కడ, మిగతావి కాస్టారా, స్పేసైడ్ అనే తీరగ్రామాల్లో ఏదో ఒకదానిలో ఉండండి. ద్వీపం పొడవు నలభై కిలోమీటర్లే అయినా ఉత్తర తీరపు దారి మన తిరుమల ఘాట్ రోడ్డులా మెలికలు తిరుగుతుంది కనుక, అమ్మగారితో రోజూ వెళ్ళిరావడం కష్టం.

జవాబు (రేణిగుంట నుంచి)

పర్యాటకులుగా వెళ్ళే భారతీయులకు అక్కడ వీసా అవసరం లేదు. అయితే విమానం అమెరికా మీదుగా వెళితే ఆ దేశపు ట్రాన్సిట్ వీసా తప్పదు, బ్రిటన్ మీదుగా వెళ్ళేవారికి కూడా సాధారణంగా అవసరమవుతుంది. చవక టికెట్టు చూసి తొందరపడకండి.

అంతకంటే ముఖ్యమైనది ఎల్లో ఫీవర్ టీకా. ఆ జ్వరం ముప్పు ఉన్న ప్రాంతాల మన ప్రభుత్వ జాబితాలో టొబాగో లేదు, ట్రినిడాడ్ ఉంది. ట్రినిడాడ్‌లోని రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ మీదుగా తిరిగివచ్చేవారి దగ్గర టీకా ధ్రువపత్రం లేకపోతే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. టీకా వేసిన పదో రోజు నుంచే ఆ పత్రం చెల్లుతుంది. గుర్తింపు పొందిన కేంద్రాల్లోనే వేయించుకోవాలి. మనకు అందుబాటులో చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. అరవై దాటినవారికి ఈ టీకాతో తీవ్రమైన దుష్ప్రభావాల అవకాశం కొంత ఎక్కువ కాబట్టి, అమ్మగారి విషయం వైద్యులతో తేల్చుకున్నాకే టికెట్లు కొనండి.

జవాబు (పుత్తూరు నుంచి)

భోజనం సంగతి ఎవరూ చెప్పలేదు. 1845 నుంచి కూలీలుగా వెళ్ళిన భారతీయుల సంతతి ఎక్కువగా ట్రినిడాడ్‌లో ఉంది. అందువల్ల రెండు మెత్తని బారాల (నూనెలో వేయించిన చిన్న రొట్టెల) మధ్య శనగల కూర పెట్టి ఇచ్చే డబుల్స్, పప్పు కూరిన దాల్‌పూరీ అక్కడ వీధివీధినా దొరుకుతాయి. మిరప పచ్చడి సీమవాళ్ళకు కూడా ఘాటే, పిల్లలకు 'స్లైట్ పెప్పర్' అని అడగండి. టొబాగోలో శాకాహారం అంత సులభం కాదు, వంటగది ఉన్న బస తీసుకోండి.

మీరు వెళ్ళేది లెదర్‌బ్యాక్ అనే భారీ సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం. వెనుక రెక్కలతో ఒకదాని తరువాత ఒకటిగా ఇసుక తోడుతూ, కంటి నుంచి జిగట నీరు కారుస్తూ ఆ పెద్ద ప్రాణి పనిచేయడం పిల్లలు మరచిపోరు. ఫ్లాష్, టార్చి వాడకూడదు. శిక్షణ పొందిన గైడు ఎర్రదీపంతో దారి చూపుతారు. సముద్రం మధ్యలో ఉన్న నైలాన్ పూల్ అనే చోట నడుము లోతు నీరే కనుక పిల్లలకు భయం లేదు. అక్కడికి తీసుకెళ్ళే పడవలు బక్కూ రీఫ్ అనే పగడాల దిబ్బ దగ్గర కూడా ఆగుతాయి. అక్కడ మాత్రం పగడాల మీద కాలు మోపనివ్వకండి.