‘క్షయకరణ విభజన’లో క్షయించేది ఏది?

ఇంటర్ చదివే మా అమ్మాయి నిన్న రాత్రి పుస్తకం పట్టుకొచ్చి, "నాన్నా, క్షయకరణ విభజన అంటే కణం చిక్కిపోవడమా?" అంది. క్షయ అనగానే దానికి టీబీ గుర్తొచ్చిందట. దాని తప్పేం లేదు, ఏది క్షయిస్తుందో ఆ మాట చెప్పదు కదా. తెలిసినవాళ్లు చెప్పండి.

— తగ్గేది క్రోమోజోముల లెక్కండీ, అంటే కణంలో డీఎన్‌ఏను మోసే పోగుల లెక్క, సైజు కాదు. మనిషి ఒంటి కణాల్లో 46 ఉంటాయి, ఈ విభజనతో తయారయ్యే అండంలో, శుక్రకణంలో 23. డీఎన్‌ఏ ఒక్కసారే రెట్టింపవుతుంది, కణం మాత్రం రెండుసార్లు చీలుతుంది. మొదటి చీలికలో క్రోమోజోముల జతలు విడిపోతాయి. లెక్క సగమయ్యేది అక్కడే. పంచాంగంలో తిథిక్షయం లేదూ? సూర్యోదయానికి అందని తిథి లెక్కలోంచి పోతుంది గానీ ఆ రోజేం పొట్టిదైపోదు.

— పోలిక బావుంది గానీ, సైజు మారదనకండి మాస్టారూ. డిగ్రీలో మేం ఉల్లి పూమొగ్గలు తెచ్చి, పుప్పొడి తయారయ్యే పరాగకోశాన్ని ఎసిటోకార్మిన్ అనే రంగులో నలిపి మైక్రోస్కోపు కింద పెట్టేవాళ్లం. మొగ్గ కాస్త ముదిరిందా, అంతా పుప్పొడే, ఆ రోజు దండగ. లేతది దొరికితే మాత్రం ఒకే గోడ లోపల నాలుగు కణాలు, నాలుగు చెక్కలు కోసిన నిమ్మకాయలా! ఉల్లిలో 16 క్రోమోజోములు 8 అవుతాయి. మధ్యలో పెరిగే తీరిక ఉండదు కాబట్టి ఒక్కో కణానికి దక్కేది తల్లికణంలో ఇంచుమించు నాలుగోవంతే. తర్వాత పెరుగుతాయనుకోండి.

— మరి అండం సంగతి? అక్కడ వాటాలు సమానం కాదు. సరుకంతా తనే ఉంచుకుని, ధ్రువదేహాలనే చిన్న కణాల చేతిలో క్రోమోజోములు పెట్టి సాగనంపుతుంది. అందుకే మనిషి అండం మిల్లీమీటరులో పదోవంతు ఉంటుంది. శుక్రకణం సన్నబడేదీ విభజన వల్ల కాదు, అదయ్యాక తోక మొలిచే దశలో జీవద్రవ్యం చాలావరకు వదిలేసుకుంటుంది కాబట్టి.

— ఇంగ్లీషులో దీన్ని మీయోసిస్ అంటారు, ఆ గ్రీకు మాటకీ తగ్గడమనే అర్థం. కణవిభజనకు ఆ పేరు 1905లో ఫార్మర్, మూర్ అనే శాస్త్రవేత్తలు పెట్టారు. ఏది తగ్గుతుందో అదీ చెప్పదు. మనవాళ్లు ఉన్నదున్నట్టే తెచ్చారు. ‘అర్ధీకరణ విభజన’ అంటే సరిపోయేదేమో?

— ఇప్పుడే మా అమ్మాయికి చెప్పి చూశానండీ. "అర్థం చేసుకునే విభజనా?" అంది.