ఒక్క సెల్ వల్ల సోలార్ బ్యాటరీ చార్జింగ్ ఆగిపోతోంది

ఇంట్లో సోలార్‌కి 16 సెల్స్ ఉన్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ప్యాక్ వాడుతున్నాను. 51.2 వోల్టులు, 280 ఆంపియర్ అవర్. ఎండ బాగా ఉన్న రోజుల్లో ఉదయం 11 గంటలకల్లా బీఎంఎస్ (సెల్స్‌ని కాపాడే కంట్రోల్ బోర్డు) చార్జింగ్ కట్ చేసేస్తోంది. అప్పటికి 7వ సెల్ 3.65 వోల్టులకు చేరుతుంది, మిగతా 15 సెల్స్ ఇంకా 3.37 దగ్గరే ఉంటాయి. ఆ తర్వాత వచ్చే మంచి ఎండంతా వృథా. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

చార్జింగ్ వోల్టేజీని 56.8 నుంచి 55.2కి తగ్గించాను. ఉపయోగం లేదు, ఎందుకంటే మొత్తం ప్యాక్ 54.2 దగ్గరే ఆగిపోతోంది. బస్‌బార్లు (సెల్స్‌ని కలిపే లోహపు పట్టీలు) విప్పి, శుభ్రం చేసి మళ్లీ బిగించాను. మల్టీమీటర్‌తో చూసినా అవే అంకెలు. 7, 8 సెల్స్‌ని ఒకదాని చోట ఇంకొకటి పెడితే సమస్య కూడా 8వ స్థానానికి వెళ్లింది, అంటే తప్పు వైర్లది కాదు. 2 ఆంపియర్ల యాక్టివ్ బాలెన్సర్ (ఎక్కువ ఉన్న సెల్ నుంచి తక్కువ ఉన్నదానికి చార్జ్ పంపే పరికరం) పెట్టినా తేడా కాస్త తగ్గిందే తప్ప పోలేదు.

ఈ రకం సెల్స్‌లో పూర్తిగా నిండటానికీ, ఖాళీ అవడానికీ మధ్యలో వోల్టేజీ పెద్దగా కదలదు కాబట్టి రోజులో చాలాసేపు అన్నీ సమానంగానే కనిపిస్తాయి. తెల్లవారుజామున మాత్రం అన్నిటికంటే ముందు ఇదే సెల్ 2.8కి పడిపోతోంది, మిగతావి 3.2 దగ్గర ఉంటాయి. ముందు నిండేదీ, ముందు ఖాళీ అయ్యేదీ ఇదే కాబట్టి దీని కెపాసిటీయే తగ్గిందని నా అంచనా.

బాగున్న 15 సెల్స్‌ని పారేయడానికి నాకు అస్సలు మనసు ఒప్పడం లేదు. పాత సెల్స్ మధ్య ఒకే ఒక్క కొత్త సెల్ వేసి నడుపుతున్నవారు ఎవరైనా ఉంటే, కలిపే ముందు దాన్ని మిగతావాటితో ఎలా సమం చేశారో చెప్పగలరా?